తిరుపతి, చిత్తూరు మూడు రోజులు: లాడ్జీ, రిహార్సల్ షెడ్డు, సంగటి, కొంచెం బ్లాక్ మెటల్

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లారి తిరుపతిలో దిగాను. దర్శనానికి కాదు, కాలేజీ ఫ్రెండ్‌ని కలవడానికి. ఇద్దరం పదిహేనేళ్ళుగా మెటల్ అనే హోరు రాక్ సంగీతం వింటున్నాం, అదీ గొంతు చించుకుని అరిచే రకం. ఈ మధ్య ఫోన్లో మా ఇద్దరికీ ఒకటే వాదన. పాట బాగుంటే చాలు అని నేను, పాడేవాడు ఎవరి పక్షమో చూడాలి అని వాడు.

ముందు బస సంగతి. స్టేషన్ ఎదురుగా టీటీడీ విష్ణు నివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉన్నాయి కానీ అవి కొండకెళ్ళే భక్తుల కోసం కట్టినవి, నేను వెళ్ళనప్పుడు అక్కడ గది తీసుకోవడం సరికాదనిపించింది. స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ప్రైవేటు లాడ్జీలో మధ్యాహ్నం గది తీసుకున్నాను. దుప్పట్లు శుభ్రం, నీళ్ళకు లోటు లేదు. కానీ ఇరవై నాలుగు గంటలని చెప్పి గది ఇచ్చినవాళ్ళు మర్నాడు పొద్దున ఎనిమిదికే ఖాళీ చేయమని తలుపు కొట్టారు. కొట్టిన కుర్రాడి మీద అరవబోయి ఆగాను, అతనిది పన్నెండు గంటల డ్యూటీ, వారానికో సెలవు కూడా లేదట. గొడవ కౌంటర్ దగ్గర పెట్టుకుంటే ఇంకో పూట ఉండనిచ్చారు. తిరుపతిలో గది తీసుకునేటప్పుడు చెకౌట్ టైము రసీదు మీద రాయించుకోండి.

రిహార్సల్ షెడ్డు తిరుచానూరు రోడ్డు వైపు. గంట లెక్కన అద్దె. గోడలకు పాత పరుపులు, కోడిగుడ్ల అట్టలు. డ్రమ్ సెట్ బాగుంది, డబుల్ పెడల్ కూడా ఉంది, ఎండాకాలం మాత్రం లోపల అరగంట కంటే ఉండలేం. అక్కడే వాడు నాకు నేపామ్ డెత్ అనే బ్యాండు మొదటి ఆల్బమ్ మళ్ళీ వినిపించాడు. 1987 నాటిది, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వాళ్ళది, ఇరవై ఎనిమిది పాటలు, అందులో ఒకటి 1.316 సెకన్లే, గిన్నిస్‌లో కూడా ఎక్కింది. అందరూ ఆ సెకను పాట గురించే చెప్తారు, ఆల్బమ్ మొదలయ్యేది మాత్రం బహుళజాతి కంపెనీల మీద కోపంతో. గ్రైండ్‌కోర్ అనే శైలి పుట్టిందే ఆ కోపంలోంచి అని వాడి మాట. ప్రజానాట్యమండలి, గద్దర్ పాటలు వింటూ పెరిగిన మనకు ఇందులో కొత్త ఏముంది, డప్పు బదులు బ్లాస్ట్ బీట్, అంటే ఊపిరాడనంత వేగంగా కొట్టే డ్రమ్స్, అంతే కదా అన్నాడు. అంతే అని నేననను. గద్దర్ మాట పల్లెలో ప్రతి ఒక్కరికీ అర్థం కావాలని పాడాడు, వీళ్ళ మాట కాగితం మీద చదివితే తప్ప తెలియదు. ఆ తేడా చిన్నది కాదు.

నేను చాలా ఏళ్ళు బర్జమ్ విన్నాను, మెటల్‌లోనే బ్లాక్ మెటల్ అనే చీకటి శైలి బ్యాండు అది. దాన్ని ఒక్కడే నడిపిన నార్వే మనిషికి 1994లో హత్య, చర్చిల దహనం కేసుల్లో శిక్ష పడింది, తర్వాత అతను జాత్యహంకారం బాహాటంగానే రాశాడు. ఇదంతా తెలిసే విన్నాను, సంగీతం వేరు మనిషి వేరు అనుకుంటూ. అలాంటివాళ్ళకు ఎదురుగానే రెడ్ అండ్ అనార్కిస్ట్ బ్లాక్ మెటల్ అనే పాయ వచ్చింది, అంటే కమ్యూనిస్టులు, ఏ ప్రభుత్వమూ వద్దనే అనార్కిస్టులు వాయించేది. కెనడా బ్యాండు ఒకటి లెనిన్ పత్రిక ఇస్క్రా పేరే పెట్టుకుంది. లివర్‌పూల్‌లో డాన్ రేడ్ అనే అనార్కిస్టు బ్యాండు వయొలిన్‌తో బ్లాక్ మెటల్ వాయించి 2023లో ఆగిపోయింది. ఇవి విన్నాక, ఆ శబ్దం కోసం బర్జమే వినాలి అనే నా సాకు చెల్లలేదు.

రెండో రోజు చంద్రగిరి. సిటీ నుంచి దగ్గరే, ఆటో కంటే బస్సు నయం. రాజమహల్ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం వెళ్ళకండి, కోటలో నీడ తక్కువ.

మూడో రోజు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో చిత్తూరు, సుమారు డెబ్బై కిలోమీటర్లు. బస్సులు వెంటవెంటనే ఉన్నాయి, రిజర్వేషన్ అక్కర్లేదు. మా ఫ్రెండ్ వాళ్ళ ఇంట్లో రాగి సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు. ఈ మూడు రోజుల్లో తిన్నవాటిలో ఏ హోటలూ దీని దరిదాపుల్లోకి రాదు.

వాళ్ళ నాయన ఇరవై ఏళ్ళు గ్రానైట్ కటింగ్‌లో పనిచేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతాడు. రాతిపొడి. భోజనాలయ్యాక మావాడు పనాప్టికాన్ అనే అమెరికా బ్యాండు వాళ్ళ కెంటకీ అనే ఆల్బమ్ పెట్టాడు. 2012లో వచ్చింది, బొగ్గు గని కార్మికుల కథ, బాంజో అనే తీగ వాయిద్యం వాయిస్తూ వాయిస్తూ ఒక్కసారిగా బ్లాక్ మెటల్‌లోకి దూకుతుంది. అందులో ఒక పాత పాట ఉంది, 1931లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం హార్లన్ కౌంటీ గనుల గొడవల్లో ఫ్లోరెన్స్ రీస్ అనే గని కార్మికుడి భార్య రాసింది. దాని పేరే 'నువ్వు ఏ పక్షం' అని. మావాడు నా వైపు చూడలేదు, చూడాల్సిన పని కూడా లేదు.

"ఏంది సామీ ఈ అరుపులు" అన్నాడు వాళ్ళ నాయన. గనుల్లో పొడి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళ గురించి అని చెప్పాను. కాసేపు విన్నాడు. బాంజో బాగుంది, డ్రమ్స్‌కి తలనొప్పి వస్తోందన్నాడు. తర్వాత, "వాళ్ళు గెలిచినారా?" అని అడిగాడు.

1931లో ఓడిపోయారని చెప్పాను. అదే కౌంటీలో బ్రూక్‌సైడ్ గనివాళ్ళు 1973లో సమ్మెకు దిగి, ఏడాది దాటాక 1974లో ఒప్పందం రాయించుకున్నారని కూడా చెప్పాను.

"ఏడాదా" అన్నాడు. "ఏడాది పాటు ఇంట్లో ఏం తిన్నారు?"

దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. సాయంత్రం బస్సులో సీటు దొరికింది.