ఖర్దుంగ్ లా 72 కిలోమీటర్ల పరుగు: ఆగాలా, ఎక్కాలా తేల్చుకోవాల్సింది నార్త్ పుల్లులోనే

లద్దాఖ్ మారథాన్‌లో భాగంగా ఏటా సెప్టెంబర్‌లో ఖర్దుంగ్ లా ఛాలెంజ్ జరుగుతుంది. ఖర్దుంగ్ అనే చిన్న ఊళ్లో తెల్లవారుజామున మూడింటికి మొదలై, ఖర్దుంగ్ లా అనే కనుమ ఎక్కి దిగి, లేహ్ బజార్లో ముగిసే పరుగు. ఊరి ఎత్తు దాదాపు 4,000 మీటర్లు, కనుమ ఎత్తు దాదాపు 5,370. మొదటి 32 కిలోమీటర్లు ఎక్కుడు, మిగతా 40 దిగుడు. దారి మొత్తం రోడ్డే కాబట్టి తప్పిపోయే భయం లేదు. ఇక్కడ మనల్ని ఇబ్బంది పెట్టేవి పలచటి గాలి, చలి, ఆపైన ఆలస్యంగా తీసుకునే నిర్ణయాలు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు అనంతగిరి గుట్టల్లోనో, అలిపిరి మెట్ల మీదో ప్రాక్టీసు చేస్తారు. కాళ్లకు అది చాలా మంచిది. ఊపిరితిత్తుల సంగతి మాత్రం లేహ్‌లో దిగాకే తెలుస్తుంది. సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌లో లేహ్‌లో మూడింట రెండొంతులు, కనుమ మీద సుమారు సగం ఉంటుంది. అందుకే పోటీకి కనీసం పది రోజుల ముందు లేహ్ చేరాలని నేను గట్టిగా చెబుతాను. సెలవులు దొరకడం కష్టమే. దొరకకపోతే అదే మారథాన్‌లో ఉన్న 21 కిలోమీటర్ల పరుగుతో సరిపెట్టుకోవడం నయం.

ఢిల్లీ నుంచి విమానంలో దిగితే మొదటి రెండు రోజులు గదిలోనే ఉండి నీళ్లు తాగుతూ, పడుకుంటూ గడపాలి. టైముంటే శ్రీనగర్ రోడ్డు మేలు. 2,700 మీటర్ల ఎత్తున్న కార్గిల్‌లో ఒక రాత్రి ఆగితే ఒళ్లు నెమ్మదిగా అలవాటు పడుతుంది. మనాలి రోడ్డు చూడ్డానికి అద్భుతమే కానీ, దారిలో చాలామంది ఆగే సర్చు దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. అలవాటు లేని ఒంటితో అక్కడ పడుకున్నవాళ్లు తలనొప్పితో లేహ్‌కు చేరడం మామూలే. పరిగెత్తడానికి వెళ్లేవాళ్లకు ఆ దారి వద్దు.

బసకు బజార్ పక్క హోటళ్ల కంటే చాంగ్‌స్పా వీధి గెస్ట్‌హౌస్‌లే నాకు నచ్చాయి. రద్దీ తక్కువ, తోటలో కూరగాయలు కోసి వండి పెడతారు, పొద్దున్నే నడవడానికి శాంతి స్తూపం దగ్గరే. బజార్ పక్క ఒక హోటల్లో ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు. సోలార్ కావడంతో పొద్దున బకెట్ నిండా చన్నీళ్లే వచ్చాయి. గది తీసుకునేముందు గీజరుందా, జనరేటరుందా అని అడగండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఇంటి నుంచి కందిపొడి తీసుకెళ్లండి. థుక్పా అనే నూడుల్స్ సూపు, ఖంబీర్ రొట్టె బాగానే ఉంటాయి కానీ, నోటికి ఏదీ సహించని రోజున వేడన్నంలో కందిపొడే దిక్కు.

ఒళ్లు అలవాటు పడ్డాక ట్యాక్సీలో కనుమకు లేహ్ వైపున్న సౌత్ పుల్లు చెక్‌పోస్టు దాకా వెళ్లి, అక్కణ్నుంచి లేహ్‌కు 24 కిలోమీటర్లు దిగుతూ పరిగెత్తండి. పోటీలో చివరి భాగం అదే. తొడలు ఎక్కడ పట్టేస్తాయో ముందే తెలుస్తుంది.

ముందురోజు అందరినీ ఖర్దుంగ్‌కు తీసుకెళ్లి ఊరివాళ్ల ఇళ్లలో ఉంచుతారు. నేనున్న ఇంట్లో వంటగదే పడకగది. మధ్యలో ఇనుప పొయ్యి, గోడ పొడవునా అరల్లో తళతళలాడే ఇత్తడి, రాగి పాత్రలు. ఇంటావిడను ఆమాలే (లద్దాఖీలో అమ్మగారు) అని పిలిచాం. అర్ధరాత్రి దాటాక లేచి మా ఫ్లాస్కుల్లో వేడినీళ్లు నింపింది ఆవిడే. ఇంత ఆదరణ ఏ స్టార్ హోటల్లోనూ నేను చూడలేదు. నిద్ర మాత్రం పెద్దగా పట్టదు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఊరు దాటాక, కనుమకు ఇవతల నార్త్ పుల్లు చెక్‌పోస్టు వస్తుంది. చీకటి, చలి, ఇంకా మంచి ఊపు. ఒంట్లో ఏదో తేడాగా ఉన్నా కనుమ దాకా వెళ్లి చూద్దాం అనిపిస్తుంది. అలా అనుకోకండి. ఆసుపత్రి ఉన్న లేహ్ కనుమకు అవతల ఉంది. ఎత్తు జబ్బుకు మొదటి మందు కిందికి దిగడమే. నార్త్ పుల్లు దాటాక బాగోలేకపోతే లేహ్ చేరడానికి బండిలోనైనా ముందు ఇంకా పైకి ఎక్కాలి, లేదా వెనక్కి నుబ్రా లోయ వైపు దిగాలి. అందుకే అక్కడే ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. నిలబడి ఉన్నా ఆయాసం తగ్గట్లేదా? దగ్గు మొదలైందా? గీత మీద అడుగులో అడుగేస్తూ నడిస్తే తూలుతున్నారా? ఒక్కదానికి అవునన్నా వాలంటీరుకు చెప్పి ఆగిపోవాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది మన ఊళ్లో ఉండగానే డాక్టర్‌తో తేల్చుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి.

కనుమ మీద ఒకతను రాయికి ఆనుకుని, అయిదు నిమిషాలు పడుకుని లేస్తా, వదిలేయండి అని బతిమాలడం చూశాను. చేతి తొడుగులు తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు, చలేస్తోందన్న ధ్యాసే లేదు. వాలంటీర్లు అతని మాట వినకుండా అంబులెన్స్ ఎక్కించారు. వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. పక్కవాడు అలా మాట్లాడితే మన టైమింగ్ పోయినా ఆగి ఎవరినైనా పిలవాలి.

పైన ఎక్కువసేపు నిలబడొద్దు, ఫోటో తీసుకుని దిగడమే. చెమటతో తడిసిన బనీను మార్చుకోవడానికి పొడిది ఒకటి సంచిలో ఉండాలి. వీపు సంచికి ఉండే నీళ్ల గొట్టం గడ్డకడుతుంది కాబట్టి చొక్కా లోపల సీసా పెట్టుకోవడం మంచిది. దిగేటప్పటికి నుబ్రా వెళ్లే ట్యాక్సీలు, బైకులు, లారీలు ఎదురొస్తాయి. పాటలు వినే పరికరాలు చెవుల్లోంచి తీసేసి, మలుపుల్లో ఎదురుబండి కనబడేలా కుడి పక్కన వెళ్లండి. సౌత్ పుల్లు తర్వాత ఎండ మాడుస్తుంది. టోపీ, కళ్లద్దాలు మరవొద్దు.

తిరుగు విమానం మర్నాటికే పెట్టుకోకండి, వాతావరణం బాగోకపోతే రద్దవుతుంది. గెస్ట్‌హౌస్‌లో గది కింది అంతస్తులోనే అడిగి తీసుకోండి. మర్నాడు మెట్లు దిగడం మీ వల్ల కాదు.