నాలుగేళ్ల జీపీఆర్ బండి: లోతు అంకెతో నా పేచీ

జీపీఆర్ అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపి, కింద ఉన్నవాటికి తగిలి తిరిగొచ్చినవాటిని తెర మీద చూపే రాడార్. తోసుకుంటూ పోయే బండి, కింద 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా, హ్యాండిల్ దగ్గర తెర. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. హనుమకొండ, కాజీపేట గల్లీల్లో తవ్వే ముందు పైపులు, కేబుళ్లు వెతకడానికి వాడుతున్నాను. నా పేచీ అంతా తెర పక్కన కనిపించే లోతు అంకెతోనే.

మొదటి ఏడాది ఆ అంకె నాకు వేదవాక్కు. వానాకాలంలో ఒక రోడ్డు పని. బండి తోస్తే తెర మీద బోర్లించిన మూకుడులా వంపు శుభ్రంగా పడింది, కింద పైపు ఉందనే గుర్తు. లోతు మీటరున్నర. సుద్దతో రోడ్డు మీద రాసి, ‘మీటరు దాకా ధైర్యంగా తవ్వన్నా’ అని జేసీబీ డ్రైవర్‌కు చెప్పాను. మూడడుగులు దిగిందో లేదో, బకెట్ పన్ను టక్కుమంది. మంచినీళ్ల పైపు. అరగంటలో గల్లీ అంతా బురద, ఇళ్లవాళ్లంతా నా చుట్టూ.

రాత్రి ఆ ఫైలు మళ్లీ తెరిచాను. మిషన్ కొలిచేది తరంగం వెళ్లి తిరిగొచ్చే టైమును. ఇక్కడ 30 నానోసెకన్లు. లోతు దాన్నించి కట్టే లెక్క: అందులో సగం టైము ఇంటూ తరంగం వేగం. నేల డైఎలక్ట్రిక్ విలువ (నేల తరంగాన్ని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె) 9 అని ముందే పెట్టి ఉంది, అంటే నానోసెకనుకు 10 సెంటీమీటర్ల వేగం. వంపు ఆకారాన్నిబట్టి అసలు వేగం చెప్పే గీత ఒకటి మెనూలో ఎక్కడో మూలన ఉంది. దాన్ని తెచ్చి వంపు మీద సరిగ్గా కూర్చునేదాకా కదిపితే వేగం 6 సెంటీమీటర్లే వచ్చింది. తడి నేల కదా! మీటరున్నర కాస్తా 90 సెంటీమీటర్లయింది.

అప్పటినుంచి ఆ గీత లేకుండా సుద్ద ముక్క పట్టను. కానీ దానికీ తిరకాసుంది. పైపుకు అడ్డంగా కాక ఏటవాలుగా తోస్తే వంపు సాగి, వేగం ఎక్కువ చూపిస్తుంది. ఒకసారైతే ఏకంగా 30 వచ్చింది. అది గాలిలో వేగం! తలెత్తి చూస్తే పైన కరెంటు తీగ, తరంగం దానికి తగిలి తిరిగొచ్చింది. దాన్ని పైపు అనుకుని గుర్తు పెట్టబోయాను.

రెండు మీటర్ల దాకా చూపిస్తుందని కొత్తలో తోటివాళ్లకు గొప్పగా చెప్పాను. అది ఎండాకాలం, చెల్క (ఎర్ర ఇసుక) నేల మాట. పరకాల దిక్కు నల్లరేగడిలో, వాన పడ్డ మర్నాడు, అర మీటరు కింద తెరంతా మసకే.

నా పని ఎక్కువగా ఎర్రమట్టిలో, అదీ ఎండల్లో. కిస్తీలు కూడా అయిపోయాయి. అందుకని నాకు గిట్టింది. రేగడి నేలల్లో పనిచేసేవాళ్లు కొనేముందు ఒక ముసురు రోజు అద్దెకు తెచ్చి చూడండి. నేను ఇప్పటికీ మొదటి గుంత చేత్తోనే తవ్విస్తాను.