వైస్ సిటీ కొత్త ఎడిషన్: దస్తావేజులు రాసేవాడి రివ్యూ

మూడు ఆటల ప్యాక్‌లో నాకు కావాల్సింది ఒక్కటే, జీటీఏ వైస్ సిటీ అనే నేరాల వీడియో గేమ్. సేల్ పడినప్పుడు మా అక్క కొడుకు వాడి పీఎస్ ఫోర్ గేమింగ్ మెషిన్‌లో కొనిపించుకున్నాడు. డబ్బులు నావి కాబట్టి రివ్యూ కూడా నాదే.

2002లో వచ్చిన ఆట ఇది. అప్పట్లో చిత్తూరు నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. ఆట అప్పగించే పనులు, అంటే మిషన్ల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు. పాంజర్ అనే చీట్ కోడ్ టైప్ చేయడం, ట్యాంకు దించుకోవడం, పోలీసులు వెంటపడే గుర్తుగా ఆరు స్టార్లు పడేదాకా తొక్కించడం, కరెంటు పోతే ఓనర్‌ను తిట్టుకుంటూ ఇంటికి రావడం. ఎవడైనా పట్టుదలగా మిషన్లు ఆడినా ఆ రిమోట్ హెలికాప్టర్ దగ్గర ఆగిపోయేవాడు. కట్టుబడిలో ఉన్న బిల్డింగ్‌లోకి బొమ్మ హెలికాప్టర్‌ను తీసుకుపోయి, టైం అయిపోయేలోపు అంతస్తుకొకటి చొప్పున నాలుగు బాంబులు పెట్టాలి. దాన్ని దాటినవాడికి మా వీధిలో కలెక్టర్‌కున్నంత మర్యాద. నేను దాటలేదు. అందుకే దాని తర్వాత వచ్చే మిషన్ ఏమిటో నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఈ రివ్యూ ముఖ్యంగా దాని గురించే.

ముందు సాంకేతిక సంగతులు తొందరగా ముగిస్తాను. పాత ఆటలకు మెరుగులు దిద్దిన ఈ ఎడిషన్ 2021 నవంబరులో వచ్చినప్పుడు ఘోరంగా ఉంది. వాన పడితే తెర నిండా తెల్ల గీతలు, మనుషుల ముఖాలు ప్లాస్టిక్ ముద్దలు. 2024 నవంబరులో వచ్చిన అప్‌డేట్ తర్వాత చాలావరకు దారిలో పడింది. పాత ఆటలోని ఆ సాయంత్రపు వెలుతురు కూడా వెనక్కి వచ్చింది. మిషన్ ఫెయిలైతే వెంటనే మళ్లీ మొదలుపెట్టొచ్చు, మ్యాప్‌లో దారి చూపిస్తుంది. రేడియోలో మైకేల్ జాక్సన్ పాటలు లేవు, లైసెన్సుల గొడవ. పాత ఆట ఆడినవాళ్లకు ఆ వెలితి తెలుస్తుంది.

ఇక మిషన్ల సంగతి. నేను తిరుపతిలో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ముందు నడిచేది స్థలాల కథే. కాబట్టి ఈ ఆటలో నాకు బాగా తెలిసిన మనిషి హీరో టామీ వర్సెట్టి కాదు, ఏవరీ కారింగ్టన్ అనే రియల్ ఎస్టేట్ పెద్దమనిషి. హాలీవుడ్ నటుడు బర్ట్ రేనాల్డ్స్ గొంతుతో, టోపీ పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుని మాట్లాడతాడు. వాడు చెప్పే మొదటి పని, స్థలం అమ్మనన్న వాడిని గోల్ఫ్ క్లబ్బులో లేపేయడం. రెండోది ఆ హెలికాప్టర్, అంటే పక్కవాడి బిల్డింగ్ పేల్చేయడం. మూడోదే అసలు తెలివి. క్యూబా వాళ్ల బట్టలు వేసుకుని, హైతీ వాళ్లు తమ మనిషి శవం చుట్టూ చేరిన చోటికి పోయి, వాళ్ల నాయకుడిని చంపాలి. హైతీ వాళ్లు క్యూబా వాళ్ల పనే అనుకుంటారు. రెండు పేటలూ తన్నుకుంటాయి, అక్కడి స్థలాల ధర పడిపోతుంది, కారింగ్టన్ కొనుక్కుంటాడు.

ఇది రాసినవాడికి దండం పెట్టాలనిపించింది. మా దగ్గర తుపాకీ అక్కర్లేదు, పుకారు చాలు. కరకంబాడి రోడ్డులో ఒక సర్వే నంబరు 22-ఏలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల జాబితాలో పడిందంట అని టీ బంకు దగ్గర ఇద్దరు అనుకుంటే, సాయంత్రానికి అమ్మేవాడి గొంతు తగ్గుతుంది. ఎవడు అన్నాడో ఎవడికీ తెలియదు, కొనేవాడు మాత్రం సిద్ధంగా ఉంటాడు. ఆటలోని ఊరికి నమూనా అయిన అసలు మయామీలో ఉన్న లిటిల్ హైతీ పేట సముద్రానికి కాస్త ఎత్తులో ఉంది. నీటి మట్టం పెరుగుతుందన్న భయం మొదలయ్యాక బిల్డర్ల చూపు అక్కడ పడింది, అద్దెలు కట్టలేక పాతవాళ్లు కదలాల్సి వస్తోంది. ఆట ఇరవై ఏళ్ల ముందే చేయి పెట్టిన చోటు అది.

అంత తెలివైన ఆట ఆ తర్వాత ఏం చేసిందో చూడండి. క్యూబా వాళ్ల నాయకుడు ఉంబెర్తో రొబీనాకు సొంత కాఫీ హోటలు, నాన్న, మగతనం మీద పిచ్చి వాగుడు, నవ్వించే డైలాగులు ఇచ్చింది. హైతీ వాళ్లకు ఇచ్చింది ఆంటీ పూలే అనే ముసలావిడ, ఒక రేకుల గుడిసె, తాగితే మతి పోయి చెప్పిన పని చేసేసే కషాయం. చివరికి వాళ్లు తిరిగే కారు పేరు కూడా వూడూ, హైతీ వాళ్ల మతం పేరు. పేర్లున్న హైతీ మనుషులు ఇంకెవరూ నాకు కనపడలేదు. తర్వాత మళ్లీ ఆ కారులోనే వాళ్ల ఫ్యాక్టరీలోకి దూరి బాంబులు పెట్టి రావాలి.

ఆట జరిగేది 1986లో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే హైతీ నియంత డువాలియే దేశం వదిలి పారిపోయాడు. అంతకుముందు వాడి పాలన తట్టుకోలేక పడవలెక్కి ఫ్లోరిడాకు వచ్చినవాళ్లే ఆ పేట నింపారు. 1980లో మరియెల్ రేవు నుంచి వచ్చిన లక్షా పాతిక వేల మంది క్యూబా వాళ్లను అమెరికా ఉండనిచ్చింది. మరుసటి ఏడాది నుంచి హైతీ పడవలను మాత్రం సముద్రంలోనే ఆపి వెనక్కి పంపడం మొదలుపెట్టింది. ఈ కోపం, ఈ అవమానం ఏదీ ఆటలో లేదు. కషాయం మాత్రం ఉంది.

2003 చివర్లో న్యూయార్క్, ఫ్లోరిడాల్లోని హైతీ వాళ్లు వీధుల్లోకి వచ్చారు. ఆటలో హైతీ వాళ్లను చంపమని పచ్చిగా చెప్పే మాట ఒకటి ఉండేది. న్యూయార్క్ మేయర్ బ్లూంబర్గ్ కూడా తప్పుపట్టాడు. కంపెనీ దిగివచ్చి తర్వాతి కాపీల్లో ఆ మాట తీసేసింది. మాట పోయింది, మిషన్ అలాగే ఉంది.

హింస గురించి నాకు పెద్ద పేచీ లేదు. ఈ ఆటలో పాపానికి లెక్క తెర మూలన పడే స్టార్లే. పోలీసు చూస్తేనే తప్పు. షెడ్డులోకి దూరి కారుకు రంగు మార్చుకుంటే అంతా మాఫీ. ఇది వెక్కిరింతని పిల్లలకు కూడా తెలుసు. మావాడు ఫుట్‌పాత్ మీదికి కారెక్కించినప్పుడు నావైపు దొంగచూపు చూసి నవ్వాడు, అల్లరి చేస్తున్నానని వాడికి తెలుసు. లిటిల్ హైతీలో ఆ నవ్వు లేదు. హోంవర్క్ చేస్తున్నట్టు ముఖం పెట్టి ఒక్కొక్కరినీ కాలుస్తున్నాడు.

"ఒరే, వాళ్లను ఎందుకు కాలుస్తా ఉండావు?"

"హైతీవోళ్లు మామా. మ్యాప్‌లో చూపిస్తా ఉండాది గదా."

"నిన్నేం చేసినారు?"

"ఏమీ చేయలా. మిషన్ మామా అది."

"హైతీ అంటే ఏందిరా?"

"గ్యాంగు పేరు."

1804లో బానిసలే తిరగబడి ఫ్రాన్సు వాళ్లను తరిమి నిలబెట్టుకున్న దేశం అని చెప్పాను. కంట్రోలర్ పక్కన పెట్టి ఫోన్లో వెతికాడు. "నిజంగానే ఉండాది మామా," అన్నాడు. అంత పెద్ద ఊరు కట్టి, అన్ని రేడియో స్టేషన్లు పెట్టినవాళ్లకు ఆ ఒక్క ముక్క పెట్టడానికి చోటు దొరకలేదు. నా అభ్యంతరం అక్కడ. దారినపోయేవాడిని తొక్కించడం ఆడేవాడి కొంటెతనం. ఒక జాతి మొత్తాన్ని మ్యాప్ మీద గుర్తుగా పెట్టి, పని పూర్తయ్యాక బాజా మోగించి డబ్బులివ్వడం ఆట తయారుచేసినవాడి నిర్ణయం. రెండూ ఒకటి కాదు.

నాకు ఇది ఇంతగా తగలడానికి కారణం ఉంది. అమీర్‌పేటలో కోచింగ్‌కు పోయినప్పుడు రాయలసీమ అనగానే రూమ్మేట్లు అడిగిన మొదటి ప్రశ్న, మీ ఇంట్లో బాంబులుంటాయా అని. మా చిత్తూరు వైపు ఉండేది మామిడి తోటలు, పాల డెయిరీలు. మా నాన్న స్కూలు గుమాస్తా, కొబ్బరికాయ కొట్టాలన్నా పక్కింటాయన్ను పిలిచేవాడు. తెల్ల చొక్కా, సుమో, వేటకొడవలి చూపించే సినిమాలు వరసగా వచ్చిన రోజులవి. చూసినవాళ్లకు అదే సీమ. హాస్టల్ బాత్రూం క్యూలో ఆ భయం నాకు రెండు మూడుసార్లు పనికొచ్చిన మాట నిజమే గానీ, రూమ్ అద్దెకు అడిగినప్పుడు మాత్రం పనికిరాలేదు.

ఇదే ప్యాక్‌లో ఉన్న శాన్ ఆండ్రియాస్ 2004 నాటిది, ఇదే కంపెనీది. అందులో నల్లజాతి కుర్రాడు సీజే తల్లి చావుకు ఇంటికి వస్తాడు. అన్న ఉంటాడు, చెల్లెలు ఉంటుంది, వీధి ఉంటుంది, వెంటపడి వేధించే పోలీసు టెన్‌పెన్నీ ఉంటాడు. గ్యాంగులే, తుపాకులే, అయినా ఆ మనుషులు ఎక్కడివాళ్లో తెలుస్తుంది. అందులోనూ వియత్నాం గ్యాంగు దగ్గరికొచ్చేసరికి మళ్లీ పాత కథే.

కొనాలా? పూర్తి ధరకు వద్దు, సేల్ వచ్చేదాకా ఆగండి. అప్‌డేట్ దిగకుండా మొదలుపెట్టొద్దు, పెద్ద ఫైలు, ఇంట్లో వైఫై ఉంటేనే. ఆట 18 దాటినవాళ్లకని ముందే చెప్తారు, అది ఉత్తినే వేసిన అంకె కాదు. మావాడికి ఇంకా నిండలేదు, అందుకే హాల్లో నా ఎదురుగా కూర్చుని ఆడితేనే ఆట, లేకపోతే కంట్రోలర్ నా బీరువాలో. హెలికాప్టర్ మిషన్‌కు చిట్కా కావాలంటే, బాంబు పెట్టగానే మెట్ల దారి వైపు తిప్పండి, గార్డులతో పోట్లాటకు దిగొద్దు. మావాడు అలాగే దాటించాడు, నా చేతుల్లో మాత్రం అది ఇప్పటికీ గోడకే కొట్టుకుంటోంది.