డీటీపీ సిస్టమ్స్‌కి డిస్క్ ఇమేజ్: ఏళ్లుగా వాడాక నా మాట

మా పర్లాకిమిడిలో (ఒడిశా) డీటీపీ సెంటర్ కంప్యూటర్ అంటే విండోస్ ఒక్కటే కాదు. తెలుగు శుభలేఖలకు అను ఫాంట్స్, ఒడియా పనికి ఆకృతి, పాత పేజ్‌మేకర్, రెండు మూడు ప్రింటర్ల డ్రైవర్లు, అన్నీ కుదరాలి. ఫార్మాట్ కొడితే ఇవన్నీ మళ్లీ ఎక్కించడానికి రోజంతా పడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అందుకే సర్వీసుకొచ్చిన సిస్టమ్ బాగుచేయగానే ఇమేజ్, అంటే విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లు సహా డిస్క్ మొత్తానికి కాపీ, తీసి పెడతాను.

ఇమేజ్ తీయడానికి నేను ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లా. డబ్బు కట్టక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచి బూటవుతుంది, విండోస్ చచ్చిపోయినా పని జరుగుతుంది. డేటా ఉన్న బ్లాకులనే తీసుకుని కుదిస్తుంది కాబట్టి ఇమేజ్ చిన్నగా వస్తుంది. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఉన్న లాప్‌టాప్‌లో మాత్రం ఖాళీ చోటు కూడా కాపీ అయిపోతుంది. విండోస్ త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఉంచే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) ఇంకా వాడుకలో ఉందని క్లోన్‌జిల్లా ఆగిపోతుంది. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే సరి.

అసలు చిక్కు ఎస్ఎస్‌డీతో, అంటే హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్‌తో. 500 జీబీ పాత హార్డ్ డిస్క్‌లో వాడింది 80 జీబీయే అయినా, 240 జీబీ ఎస్ఎస్‌డీలోకి క్లోన్‌జిల్లా మామూలుగా దించదు. కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలంటుంది. ముందే విండోస్‌లో పార్టిషన్ కుదించి, ఎక్స్‌పర్ట్ మోడ్‌లో ఆప్షన్లు మార్చాలి. మా దగ్గరకొచ్చే వాళ్లలో ఎక్కువమంది అడిగేదే ఈ మార్పిడి, అందుకే ఇది నాకు పెద్ద లోటు. మాక్రియం రిఫ్లెక్ట్ అనే మరో ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఈ పని సులువుగా చేసేది. దాని ఉచిత వెర్షన్‌కి 2024 జనవరి 1తో సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. ట్యాలీ లెక్కలు రోజూ మారే దుకాణాలకైతే దాన్ని డబ్బిచ్చి కొనుక్కోమనే చెబుతాను. ఎందుకంటే మారిన మేరకే కాపీ చేసే ఇంక్రిమెంటల్ సౌకర్యం క్లోన్‌జిల్లాలో లేదు.

క్లోన్‌జిల్లా మెనూలు చూసి జంకేవాళ్లకు రెస్క్యూజిల్లా అనే సాఫ్ట్‌వేర్ ఇస్తాను. మౌస్‌తో నడుస్తుంది, క్లోన్‌జిల్లా ఇమేజ్‌లనూ తెరుస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఎంత ముంచిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇమేజ్ ఉన్న డిస్క్‌ని అదే షాపులో, అదే టేబుల్ కింద పెట్టకండి. ఇమేజ్ బాగుందని సాఫ్ట్‌వేర్ చెప్పిందని వదిలేయకండి కూడా. ఏదైనా పాత డిస్క్ బిగించి ఒకసారి రీస్టోర్ చేసి, అను తెరిచి, ఒక పేజీ ప్రింట్ తీసి చూడండి.