270టూవిన్: అధ్యక్ష ఎన్నికల లెక్కను మన చేతికిచ్చే పటం

అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారం సాగినన్నాళ్లూ సర్వేలకు కొదువ ఉండదు. వాటిని గెలుపోటముల లెక్కగా మార్చి చూపే మంచి సాధనాలే తక్కువ. దేశం మొత్తం మీద ఒక అభ్యర్థికి రెండు శాతం ఆధిక్యం ఉందని తెలిసినంత మాత్రాన ఎవరు అధ్యక్షులవుతారో చెప్పలేమని 2016 ఎన్నికలు రుజువు చేశాయి. ఆ ఏడాది హిల్లరీ క్లింటన్ జాతీయ స్థాయిలో 2.1 శాతం ఎక్కువ ఓట్లు సాధించి కూడా, మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో మొత్తం కలిపి ఎనభై వేల లోపు ఓట్ల తేడాతో అధ్యక్ష పదవికి దూరమయ్యారు. అందువల్ల సర్వేలను శ్రద్ధగా గమనించేవారికి ముందుగా కావలసింది రాష్ట్రాల వారీ లెక్క. 2004 నుంచి ఆ లెక్కనే నమ్ముకుని నడుస్తున్న వెబ్‌సైటు 270టూవిన్. 2020, 2024 ప్రచారాల్లో దీన్ని విడవకుండా వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

వాడకం చాలా తేలిక. ఖాతా తెరవనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు, కాకపోతే ప్రకటనలను భరించాలి. పేజీ తెరవగానే యాభై రాష్ట్రాలతో, రాజధాని వాషింగ్టన్‌తో కూడిన పటం కనిపిస్తుంది. ఏ రాష్ట్రం మీద నొక్కితే ఆ రాష్ట్రం రంగు మారుతుంది: నీలమైతే డెమొక్రాట్లకు, ఎరుపైతే రిపబ్లికన్లకు, లేత గోధుమ రంగైతే ఎటూ తేలనట్టు. అధ్యక్షుణ్ని తేల్చేది ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాలకు కేటాయించిన, సాధారణంగా అక్కడ గెలిచిన అభ్యర్థికే అన్నీ దక్కే ఓట్లు. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో ఎవరి ఖాతాలో ఎన్ని చేరాయో పటంతో పాటే అప్పటికప్పుడు లెక్క మారుతూ ఉంటుంది. 270కి చేరినవారు గెలిచినట్టు. మేన్, నెబ్రాస్కా మాత్రం తమ ఓట్లలో కొన్నింటిని కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా పంచుతాయి కనుక, ఆ రెండు రాష్ట్రాలను విడగొట్టి చూసే వీలు కూడా ఉంది. ఫోన్ తెరపై ఈశాన్య మూలనున్న చిన్న రాష్ట్రాలను వేలితో పట్టుకోవడం కొంచెం కష్టం. కుదిరితే కంప్యూటర్‌లోనే వాడమని నా సలహా.

ఈ పటం విలువ నాకు పూర్తిగా అర్థమైంది 2024లో. ఆ ఏడాది ఏడు రాష్ట్రాలు తప్ప మిగిలినవన్నీ దాదాపు తేలిపోయినట్టేనని విశ్లేషకులంతా అంగీకరించారు. పెన్సిల్వేనియాకు 19 ఓట్లు, జార్జియా, నార్త్ కరోలినాలకు చెరి 16, మిషిగన్‌కు 15, అరిజోనాకు 11, విస్కాన్సిన్‌కు 10, నెవాడాకు 6. ఈ 93 ఓట్లను పక్కన పెడితే కమలా హారిస్‌కు 226, డొనాల్డ్ ట్రంప్‌కు 219 మిగులుతాయి. ఇక్కడి నుంచి ఒక్కో రాష్ట్రాన్ని నొక్కుకుంటూ వెళ్తే, వార్తా ఛానళ్లలో గంటల తరబడి సాగిన చర్చలకన్నా స్పష్టంగా పోటీ స్వరూపం కళ్లకు కడుతుంది. హారిస్‌కు మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ ఇచ్చి, మిగిలిన నాలుగూ ట్రంప్‌కు వదిలేస్తే ఆమె లెక్క సరిగ్గా 270 దగ్గర ఆగుతుంది. అటువైపు ట్రంప్‌కు పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినా ఇస్తే ఆయన లెక్క కూడా సరిగ్గా 270 దగ్గరే ఆగుతుంది. ఇద్దరి దగ్గరి దారీ పెన్సిల్వేనియా మీదుగానే వెళ్తున్నదని, ఇరు పార్టీలూ తమ ప్రచార ధనాన్ని అక్కడ ఎందుకు కుమ్మరించాయో ఈ రెండు ప్రయత్నాలతోనే బోధపడుతుంది.

పెన్సిల్వేనియా చేజారితే దాని బదులు జార్జియా గెలిస్తే సరిపోదా అని నన్ను అడిగినవారున్నారు. పటం మీద చేసి చూపిస్తే సమాధానం వెంటనే దొరుకుతుంది. మిషిగన్, విస్కాన్సిన్‌లతో హారిస్ 251కి చేరుతారు. జార్జియా కలిపితే 267. ఇంకా మూడు ఓట్లు తక్కువ. వాటి కోసం కనీసం నెవాడాను కూడా గెలవవలసి వస్తుంది. ఇలాంటి సంగతి వ్యాసంలో చదివితే మరునాటికి మరచిపోతాం, స్వయంగా కూడి చూసుకుంటే గుర్తుండిపోతుంది.

నెబ్రాస్కా సంగతి అంతకన్నా ఆసక్తికరం. హారిస్‌కు లెక్కగట్టిన 226లో ఒకటి ఒమాహా నగరం చుట్టూ ఉన్న ఆ రాష్ట్రపు రెండవ నియోజకవర్గం ఓటు. నెబ్రాస్కా తన ఓట్లన్నింటినీ గెలిచిన అభ్యర్థికే ఇచ్చేలా చట్టం మార్చాలని 2024 సెప్టెంబరులో రిపబ్లికన్ నాయకులు గట్టిగా ప్రయత్నించారు. పటంలో ఆ ఒక్క ఓటును ఎరుపు చేసి, ఏడు రాష్ట్రాల్లో మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాలను మాత్రమే హారిస్‌కు ఇచ్చి చూస్తే 269–269 అని కనిపిస్తుంది. అలా సమానమైతే రాజ్యాంగం పన్నెండవ సవరణ ప్రకారం అధ్యక్షుణ్ని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. అక్కడ రాష్ట్రానికొక ఓటు చొప్పున లెక్కిస్తారు కనుక, జనాభాలో అతి పెద్దదైన కాలిఫోర్నియాకూ అతి చిన్నదైన వయోమింగ్‌కూ సమాన బలం ఉంటుంది. రిపబ్లికన్ పార్టీకే చెందిన రాష్ట్ర సెనేటర్ మైక్ మెక్‌డానెల్ ఎన్నికల ముంగిట ఈ మార్పుకు ఒప్పుకోకపోవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఒకే ఒక్క ఓటు కోసం జాతీయ నాయకులు నెబ్రాస్కా శాసనసభ్యులను ఎందుకు అంతగా బతిమాలుతున్నారో ఈ పటం తెలియని పాఠకుడికి అర్థమయ్యే అవకాశం తక్కువ.

ఇక సర్వేల విభాగం. ప్రతి రాష్ట్రానికీ ఒక పేజీ, అందులో ఇటీవలి సర్వేలు, వాటిని చేసిన సంస్థలు, తేదీలు, ఎంతమందిని అడిగారు, సగటు ఎంత అనే వివరాలు ఉంటాయి. సమాచారం శుభ్రంగా అమర్చి ఉంటుంది. కానీ ఈ సగటు దాదాపు సాదా సగటు. పేరున్న విశ్వవిద్యాలయం చేసిన సర్వేకూ, ఒక పార్టీ కోసం పనిచేసే సంస్థ ఇచ్చిన సర్వేకూ ఇంచుమించు ఒకే తూకం పడుతుంది. రియల్‌క్లియర్‌పాలిటిక్స్ అనే మరో సైటు సగటుదీ ఇదే పద్ధతి. ఫైవ్‌థర్టీఎయిట్ అనే సర్వేల విశ్లేషణ సైటు మాత్రం సర్వే సంస్థల పాత రికార్డును, నమూనా పరిమాణాన్ని, ఎంత తాజాదన్న విషయాన్ని లెక్కలోకి తీసుకుని సగటు కట్టేది. సర్వేల నాణ్యత పట్ల పట్టింపు ఉన్నవారికి ఈ విషయంలో 270టూవిన్ సరిపోదు. విస్కాన్సిన్‌కు మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయపు లా స్కూల్ సర్వేను, ఏడు రాష్ట్రాలకూ న్యూయార్క్ టైమ్స్ పత్రిక, సియెనా విద్యాసంస్థ కలిసి చేసే సర్వేలను విడిగా చదవాలి.

మన దగ్గరి సర్వేలకు అలవాటుపడిన కళ్లతో ఈ పేజీలను చూసేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఇక్కడ సర్వే సంస్థలు ఫలానా కూటమికి ఇన్ని సీట్లు వస్తాయని నేరుగా ప్రకటిస్తాయి. అక్కడి సర్వేలు ఓట్ల శాతం వరకే చెప్పి ఆగుతాయి, ఫలితాన్ని ఊహించే పని చదివేవారిదే. వెయ్యి మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి శాతానికి అటూ ఇటూ సుమారు మూడు శాతం తేడా రావచ్చు. ఇద్దరి మధ్య ఆధిక్యం విషయంలో ఆ తేడా దాదాపు రెట్టింపవుతుంది. అంటే 48–46 అన్న సర్వేలో వెనుకబడిన అభ్యర్థి నిజానికి ముందుండే అవకాశం బాగానే ఉందన్నమాట. రాష్ట్రాల పేజీల్లో సగటు పక్కన ఈ సంగతిని స్పష్టంగా చూపితే బాగుండేది. ఒక్క శాతం ఆధిక్యాన్ని కూడా ఒక రంగుగా మార్చి చూసుకునే సాధనంలో ఈ లోపం చిన్నది కాదు.

అంతకన్నా లోతైన ఇబ్బంది మరొకటి ఉంది. రాష్ట్రాలను విడివిడిగా నొక్కే పద్ధతి వల్ల, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఓటు వేస్తాయన్న భావన మనకు తెలియకుండానే ఏర్పడుతుంది. ఏడు రాష్ట్రాలకు 128 రకాల కలయికలు సాధ్యం కనుక అన్నీ సమానంగా జరగగలవేమో అనిపిస్తుంది. వాస్తవం వేరు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా 1992 నుంచి జరిగిన ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఒకే పార్టీ వైపు నిలిచాయి. సర్వేలు పొరబడినప్పుడు కూడా పోలికలున్న రాష్ట్రాలన్నింటిలోనూ ఒకే దిక్కుకు పొరబడతాయి. ఎందుకంటే పొరపాటుకు కారణం ఒక్కటే అయి ఉంటుంది. 2016లో అనేక రాష్ట్ర సర్వేలు కళాశాల చదువు లేని ఓటర్ల వాటాను తగినంతగా సరిచేయలేదని, ఆఖరి రోజుల్లో నిర్ణయించుకున్నవారు ట్రంప్ వైపు మొగ్గారని అమెరికా అభిప్రాయ పరిశోధకుల సంఘం తర్వాత నివేదించింది. 2020లో ఆ సవరణ చేసుకున్నా లోపం తగ్గకపోగా, జాతీయ సర్వేల్లో నలభై ఏళ్లలో ఎన్నడూ లేనంత తేడా వచ్చిందని అదే సంఘం తేల్చింది. ఆ ఏడాది అక్టోబరు ఆఖరులో ఒక ప్రముఖ సర్వే విస్కాన్సిన్‌లో జో బైడెన్‌కు 17 శాతం ఆధిక్యం చూపింది. ఆయన అక్కడ గెలిచింది 20,682 ఓట్లతో, అంటే ఒక శాతం కూడా నిండని తేడాతో.

2024లో ఏడు రాష్ట్రాల సగటులూ రెండు మూడు శాతం లోపే ఊగాయి. ఫైవ్‌థర్టీఎయిట్ ఆఖరి జాతీయ సగటు హారిస్‌కు 1.2 శాతం ఆధిక్యం ఇచ్చింది, ఫలితంలో ట్రంప్ 1.5 శాతం ముందున్నారు. సర్వేల చరిత్రలో ఇది పెద్ద తప్పేమీ కాదు. అయినా ఏడు రాష్ట్రాలూ కలిసికట్టుగా ట్రంప్ వైపు వెళ్లి ఆయనకు 312 ఓట్లు దక్కాయి. నిజాయితీగా సర్వేలను చదివినవారికి ఇది ఆశ్చర్యం కలిగించకూడదు. చిన్న తేడా అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే వైపు వస్తే జరిగేది ఇదే. 270టూవిన్ పటంలో "అన్ని రాష్ట్రాల సర్వేలూ రెండు శాతం ఇటు తప్పితే" అని ఒక మీట పెట్టి, రంగులు ఒకేసారి మారేలా చేస్తే, పాఠకులకు అంతకు మించిన మేలు ఉండదని నా గట్టి అభిప్రాయం.

గెలుపు సంభావ్యతలు చెప్పే సైట్లలో మంచివి రాష్ట్రాల మధ్య ఈ పరస్పర సంబంధాన్ని లెక్కలోకి తీసుకుంటాయన్నది నిజమే. 2016లో మరికొందరు క్లింటన్ గెలుపు అవకాశాన్ని 98, 99 శాతంగా చూపుతున్నప్పుడు, ఫైవ్‌థర్టీఎయిట్ 71.4 శాతం దగ్గరే ఆగిందంటే కారణం అదే. కానీ చదివినవారిలో చాలామంది 71ని గెలుపుగానే తీసుకున్నారు. 2024లో గణాంక విశ్లేషకుడు నేట్ సిల్వర్ నమూనా ఆఖరి రోజున ఎనభై వేల ఊహా ఎన్నికలు నడిపితే అందులో 40,012 సార్లు హారిస్ గెలిచారు. అంటే సగానికి సగం. అలాంటి జవాబు నిజాయితీగలదే గానీ, ఏ రాష్ట్రం ఎటు పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు అది పనికిరాదు. ఫైవ్‌థర్టీఎయిట్‌ను 2025 మార్చిలో మూసివేశారు. ఆ లోటు నాలాంటివారికి చాలా కాలం తెలుస్తూనే ఉంటుంది. ఇలాంటి స్థితిలో ఉచితంగా, పక్షపాతం లేకుండా నడిచే 270టూవిన్ నిలబడటం ముఖ్యం.

ఈ సైటులో తక్కువమంది చూసే గొప్ప భాగం పాత ఎన్నికల పటాలు. 1789 నుంచి ప్రతి ఎన్నికా ఉంది. 1984లో రొనాల్డ్ రీగన్ మిన్నెసోటా, వాషింగ్టన్ నగరం తప్ప అన్నీ గెలిచిన పటాన్ని, 537 ఓట్లతో ఫ్లోరిడా తేల్చిన 2000 పటాన్ని పక్కపక్కన చూస్తే, ఈనాటి స్వింగ్ రాష్ట్రాల, అంటే ఎటైనా మొగ్గగల రాష్ట్రాల జాబితా శాశ్వతం కాదని తెలుస్తుంది. ఫ్లోరిడా, ఒహాయో ఒకప్పుడు ఆ జాబితాకు తలమానికాలు. 2024లో వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు.

తెలుగు పాఠకులకు ఈ రాష్ట్రాలు దూరపు పేర్లేమీ కావు. అట్లాంటా శివార్లలోని ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్‌లలో, ర్యాలీ (Raleigh) నగరం పక్కన కేరీలో, డెట్రాయిట్ సమీపంలోని నోవై, ట్రాయ్‌లలో, ఫీనిక్స్ దగ్గరి చాండ్లర్‌లో మన కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. 2020లో జార్జియా 11,779 ఓట్లతో, అరిజోనా 10,457 ఓట్లతో తేలాయని గుర్తుంచుకుంటే, అక్కడి పౌరసత్వమున్న తెలుగువారి ఓటుకు ఎంత బరువుందో విడమరచి చెప్పనక్కర్లేదు. కాని రాష్ట్ర సర్వేల్లో భారతీయ మూలాలున్నవారు గుప్పెడుమంది కూడా దొరకరు కనుక, 270టూవిన్ పేజీల్లో మనవాళ్ల మొగ్గు ఎటో వెతికితే దొరకదు. దానికి కార్నెగీ సంస్థ చేసే ప్రత్యేక సర్వేను చూడాలి. 2020లో బైడెన్‌కు 68, ట్రంప్‌కు 22 శాతంగా ఉన్న మద్దతు 2024 నాటికి హారిస్‌కు 61, ట్రంప్‌కు 32గా మారినట్టు ఆ సర్వే నమోదు చేసింది. ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి తెలుగు మూలాలున్నవారు కావడంతో ఆ ఏడాది మన ఇళ్లలో ఈ ఎన్నికల చర్చ మరింత పెరిగింది. ఆ చర్చల్లో సర్వేల ప్రస్తావన వచ్చినప్పుడు జాతీయ సగటుతో ఆగిపోకుండా ఈ పటాన్ని తెరిచి చూపమని కోరుతాను.

కౌంటింగ్ రోజున మాత్రం దీని మీద ఆధారపడవద్దు. భారత కాలమానం ప్రకారం బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు తొలి పోలింగ్ కేంద్రాలు మూతపడటం మొదలవుతుంది, జార్జియా వంతు ఐదున్నరకు. అక్కడి నుంచి అసోసియేటెడ్ ప్రెస్ ఫలితాలను అనుసరించడం మేలు. 2024లో ఆ సంస్థ విస్కాన్సిన్‌ను ట్రంప్‌కు ప్రకటించి మొత్తం ఫలితాన్ని తేల్చేసరికి మనకు సాయంత్రం నాలుగు దాటింది. 270టూవిన్‌ను ఆ రోజు పక్కన తెరిచి ఉంచుకుని, ప్రకటించిన రాష్ట్రాలకు మాత్రమే రంగు వేసుకుంటూ వెళ్తే, మిగిలిన దారులు ఒక్కొక్కటిగా ఎలా మూసుకుపోతున్నాయో తెలుస్తుంది.

2020 జనగణన ఆధారంగా పంచిన ఎలక్టోరల్ ఓట్లే 2028లోనూ వర్తిస్తాయి. కాబట్టి ఇప్పుడు ఈ పటం మీద నేర్చుకున్న లెక్క వచ్చే ఎన్నికకూ అక్షరాలా పనికొస్తుంది. రాష్ట్రాల లెక్క నేర్చుకోవడానికి దీనికి నేను ఐదుకు ఐదు ఇస్తాను, సర్వేల సగటులకు మూడు మాత్రమే.