స్క్రీన్ తుడవడానికి ఏది మేలు: బ్యాటరీ వాటరా, ఐపీఏనా, గ్లాస్ క్లీనరా?

ఏ సీసా కొనాలో ఆలోచించే ముందు మీ స్క్రీన్ ఏ రకమో చూసుకోండి. ల్యాప్‌టాప్ ఆపేసి, నల్లటి స్క్రీన్‌లో ట్యూబ్‌లైట్ ఎలా కనబడుతోందో గమనించండి. తెల్లటి గీతలా స్పష్టంగా కనబడితే అది గ్లాసీ. చాలా టచ్ స్క్రీన్లకు, ఇప్పటి మ్యాక్‌బుక్‌లకు పైన గాజే ఉంటుంది. వెలుగు చెదిరిపోయి మసకగా కనబడితే మ్యాట్. మామూలు మ్యాట్ స్క్రీన్ మీద మీ వేలికి తగిలేది గాజు కాదు, పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర. ఆఫీసులో ఇచ్చే ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇలాంటివే. ఒకదానికి పడేది రెండోదానికి పడకపోవచ్చు.

గుడ్డ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. పాత లుంగీ ముక్కా టిష్యూ పేపరూ వద్దు, మైక్రోఫైబరే వాడండి. దాని పోగులు వెంట్రుక కన్నా చాలా సన్నం, దుమ్మును, జిడ్డును తమలోకి లాక్కుంటాయి. టిష్యూ దుమ్మును అటూ ఇటూ నెడుతుంది. మన ఇళ్లలో దుమ్మంటే అందులో సన్నటి ఇసుక కూడా ఉంటుంది. గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7, మామూలు గాజు 5.5 దరిదాపుల్లో ఉంటాయి. గాజునే గీయగల రేణువు ప్లాస్టిక్ పొరను వదులుతుందా? అందుకే తడి గుడ్డ పెట్టకముందే కెమెరావాళ్లు వాడే రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదేయాలి, లేదా పొడి గుడ్డతో ఒత్తకుండా పైపైన తీసేయాలి. గుడ్డ ఖరీదైనదే కానక్కర్లేదు. ఆపిల్ 2021లో ఒక తుడిచే గుడ్డను 1,900 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. మామూలు స్క్రీన్‌కు కళ్లజోడు షాపులో ఇచ్చే గుడ్డ చాలు. ఉతికేటప్పుడు మాత్రం ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి, పోగుల మీద జిడ్డులా పట్టేస్తుంది.

ఇక నీళ్లు. వేలిముద్రలు, తుమ్ము తుంపరలు, టీ చుక్కల లాంటివి నీళ్లతోనే పోతాయి. బోరు నీళ్లు వద్దు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు చుక్క ఆరగానే తెల్లటి వలయంలా మిగులుతాయి. స్టీలు గ్లాసు మీద రోజూ చూస్తున్నదే. ఇన్వర్టర్‌లో పోసే బ్యాటరీ వాటర్‌లో ఈ లవణాలు తీసేసి ఉంటాయి, ధరా తక్కువే. కొనేటప్పుడు లేబుల్ చదివి తీసుకోండి, బ్యాటరీ యాసిడ్ కూడా అవే షాపుల్లో దొరుకుతుంది. మ్యాట్ స్క్రీన్‌కైనా, గ్లాసీకైనా నా మొదటి ఓటు దీనికే.

ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేర్ షాపుల్లో అందరికీ తెలిసిందే. జిడ్డును నీళ్లకన్నా బాగా కరిగిస్తుంది, త్వరగా ఆరిపోతుంది. గాజు స్క్రీన్ మీద మొండి మరకకు 70 శాతం ఐపీఏ గుడ్డకు కొద్దిగా అద్ది ఒకసారి తుడవచ్చు. రోజువారీ అలవాటు చేసుకోకండి. వేలిముద్రలు పట్టకుండా వేసే పూత క్రమంగా అరిగిపోతుంది. మ్యాట్‌కైతే మీ మోడల్ మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడండి. పూత పోతే తిరిగి రాదు. 2015 ప్రాంతంలో రెటినా మ్యాక్‌బుక్‌లలో కొన్నింటికి మెరుపు తగ్గించే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతే, ఆపిల్ ఉచితంగా బాగుచేసి ఇవ్వాల్సి వచ్చింది. తుడిచి తుడిచి పూత పోగొట్టుకుంటే మనకు ఆ అవకాశం ఉండదు.

కిటికీ అద్దాలకు వాడే గ్లాస్ క్లీనర్‌కు నా దగ్గర చోటు లేదు. అలాంటి వాటిలో కొన్నింట్లో అమ్మోనియా ఉంటుంది, అది పూతలకు శత్రువు. శానిటైజర్ కూడా అంతే. అందులో చేతుల కోసం కలిపే గ్లిజరిన్ స్క్రీన్ మీద పొరలా ఉండిపోతుంది. థిన్నర్, అసిటోన్ అయితే ప్లాస్టిక్‌నే కరిగించగలవు.

షాపుల్లో అమ్మే స్క్రీన్ క్లీనింగ్ కిట్ చెడ్డదేమీ కాదు. సీసా మీద అమ్మోనియా, ఆల్కహాల్ లేవని రాసి ఉంటే వాడుకోవచ్చు. కాకపోతే దానితో వచ్చే స్ప్రే చూడగానే నేరుగా స్క్రీన్ మీద కొట్టాలనిపిస్తుంది. అక్కడే కొంప మునుగుతుంది. చుక్కలు కిందికి జారి అడుగున ఫ్రేమ్ సందులోకి దిగుతాయి. స్క్రీన్‌ను నడిపే సన్నటి కనెక్షన్లు చాలా ల్యాప్‌టాప్‌లలో సరిగ్గా అక్కడే ఉంటాయి. ఏ ద్రవమైనా గుడ్డ మీదే వేయాలి, పిండితే చుక్క రాలనంత తడి చాలు. ఛార్జర్ తీసేసి, పై నుంచి కిందికి మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి.

తుడిచిన రెండు రోజులకే మళ్లీ చదరపు మరకలు వస్తుంటే అవి కీబోర్డ్ అచ్చులు. మూత మూసినప్పుడు కీల మీది జిడ్డు స్క్రీన్‌కు అంటుకుంటుంది. అలాంటప్పుడు స్క్రీన్‌ను వదిలేసి ముందు కీలను శుభ్రం చేయండి. ఐపీఏ సీసా నిజంగా పనికొచ్చేది అక్కడే.