అండమాన్ వెళ్లేవాళ్లూ జాగ్రత్త: "ఎయిర్‌పోర్ట్ టు జెట్టీ" అని ముందే డబ్బులు కట్టించుకునే వ్యాన్‌ని నమ్మకండి

ఈపాటికి మేం హావ్‌లాక్ దీవిలో ఉండాలి. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూసి గదికొచ్చి, పిల్లలు కాళ్లకంటిన ఇసుక కడుక్కుంటూ ఉండాలి. అలాంటిది పోర్ట్ బ్లెయిర్‌లో ఒక లాడ్జి గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పడవ మా కళ్ల ముందే వెళ్లిపోయింది. ఇంకా కోపం తగ్గలేదు. రాత తిన్నగా లేకపోతే సర్దుకుని చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మేం ఆరుగురం. అమ్మ, నాన్న, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. ఊరు ఖమ్మం, ఫ్లైట్ హైదరాబాద్ నుంచి. ఏజెంటు ఎవరో పేరు రాయను. అండమాన్ ట్రిప్పుల గ్రూపుల్లో తిరిగేవాళ్లకి తెలిసిపోతుంది: ఎవరు ఏ ప్రశ్న అడిగినా కింద "అన్నా, ఇన్‌బాక్స్ చూడండి" అని తెలుగులో పెట్టేవాడే. ఎయిర్‌పోర్ట్ నుంచి హావ్‌లాక్ పడవ దగ్గరికి, మళ్లీ తిరిగొచ్చే రోజు పడవ దగ్గర్నుంచి ఎయిర్‌పోర్ట్‌కి, ప్రైవేట్ వ్యాన్, మా కుటుంబానికి మాత్రమే. రెండు వైపులకీ కలిపి 3,600. మొత్తం ముందే పంపాను. బయట ట్యాక్సీ అయితే ఇంతకంటే తక్కువే అవుతుందని తెలుసు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, సామాను ఎక్కువ, ఎక్కడా బేరాలాడుకుంటూ నిలబడకూడదని కట్టాను. మూడు వారాలు ఎంత మర్యాదగా మాట్లాడాడో! "నాన్నగారి సంగతి నాకొదిలెయ్యండన్నా, మెట్టు దగ్గరే వ్యాన్ పెట్టిస్తా" అన్నాడు. మన భాషలో మాట్లాడాడని నమ్మేశాను. ఎక్కడో సముద్రం మధ్యలో దీవిలో తెలుగు వినపడితే ప్రాణం లేచొస్తుంది కదా, అదే నా తప్పు.

మధ్యాహ్నం 2 గంటలకి మా పడవ. గంట ముందు రావాలని, అరగంట ముందు గేటు మూసేస్తామని టికెట్ మీదే రాసి ఉంది. ఫ్లైట్ 10:55కి దిగింది. సామాను తీసుకుని బయటికొచ్చేసరికి పదకొండున్నర. అక్కడి నుంచి పడవల రేవు, అదే జెట్టీ, ఐదారు కిలోమీటర్లు, అంతే. నడుచుకుంటూ వెళ్లినా అందేంత టైమ్ ఉంది. ఫోన్ చేస్తే "వచ్చేస్తోందన్నా, రెండు నిమిషాలు" అన్నాడు. ఆ రెండు నిమిషాలు యాభై నిమిషాలయ్యాయి. ఎదురుగా ట్యాక్సీలు వరుసగా నిలబడి ఉన్నాయి. నా భార్య రెండుసార్లు అంది, "డబ్బులు పోతే పోయాయి, ట్యాక్సీ ఎక్కేద్దాం" అని. కట్టిన డబ్బులు ఎందుకు వదులుకోవాలని నేనే ఆపాను. అప్పుడు ఆమె మాట విని ఉంటే ఇవాళ ఈ పోస్టే ఉండేది కాదు.

12:20కి వ్యాన్ వచ్చింది. తలుపు తీస్తే లోపల అప్పటికే నలుగురున్నారు! ప్రైవేట్ అన్నారు కదా అని డ్రైవర్‌ని అడిగితే హిందీలో "సేఠ్‌ని అడగండి" అన్నాడు. నంబర్ ప్లేట్ తెలుపు. అంటే ట్యాక్సీ కాదు, సొంత వాడకం బండి. కిరాయికి తిప్పే బండికి పసుపు ప్లేట్ ఉండాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది అదే. అది చూసి కూడా ఎక్కాను. నాన్న అప్పటికే ఎండలో నిలబడి నిలబడి అలసిపోయారు, ఇంక ఏమీ అనాలనిపించలేదు.

అక్కడి నుంచి తిన్నగా వెళ్లలేదు. అబర్డీన్ బజార్‌లో ఒక హోటల్ ముందు ఆగి ఇంకో ఇద్దర్ని ఎక్కించుకున్నాడు. డీజిల్ పోయించుకున్నాడు. మా అబ్బాయి ఒళ్లో బ్యాగు, నా ఒళ్లో మా అమ్మాయి. ఒంటిగంటా పదికి ఒక గేటు ముందు ఆపి, "జెట్టీ ఆ గయా, ఉతరియే" అన్నాడు. మిగతావాళ్లతోపాటు మా సామాను కూడా దించేశాడు. నేను టికెట్ తీసి చూపించేలోపే తలుపేసుకుని వెళ్లిపోయాడు.

అది మేం వెళ్లాల్సిన జెట్టీ కాదు.

ఇది రాయడానికే ఈ పోస్టు మొదలుపెట్టాను, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. పోర్ట్ బ్లెయిర్‌లో "జెట్టీ" ఒకటి కాదు. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి వెళ్తాయి. హావ్‌లాక్, నీల్ దీవులకి వెళ్లే ప్రైవేట్ పడవలు హడ్డో నుంచి వెళ్తాయి, మన వైజాగ్ నుంచి, చెన్నై నుంచి వచ్చే పెద్ద ఓడలు ఆగేది కూడా ఆ హడ్డోలోనే. రాస్ ఐలాండ్ చూడ్డానికి వెళ్లే చిన్న పడవలు అబర్డీన్ వైపు నుంచి. బండ్లని అవతలి ఒడ్డుకి దాటించేది చాతమ్ నుంచి. దీనికి తోడు పేర్లు కూడా మారాయి. హావ్‌లాక్‌ని 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్‌ని షహీద్ ద్వీప్ అన్నారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. టికెట్ మీద ఒక పేరు, డ్రైవర్ నోట ఇంకో పేరు. కొత్తగా వచ్చినవాళ్లకి ఏం తెలుస్తుంది? మమ్మల్ని దించింది ఫీనిక్స్ బేలో. మా పడవ హడ్డోలో. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన టికెట్ చూసి తల అడ్డంగా ఊపేసరికి నా గుండె జారిపోయింది.

ఏజెంటుకి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. చుట్టూ గోలగా ఉందని స్పీకర్ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

"రాంగ్ జెట్టీలో దించారు, బండి వెనక్కి పంపండి, గేటు మూసేస్తారు" అన్నాను. "మీకిచ్చిన కాగితంలో ఏముంది? ఎయిర్‌పోర్ట్ టు జెట్టీ. జెట్టీలో దించాం. మా డ్యూటీ అయిపోయింది" అన్నాడు. హడ్డో అని ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో గుర్తు చేశాను. అంతే, అప్పటిదాకా అన్నా, మీరు అన్న మనిషి ఒక్కసారిగా నువ్వులోకి దిగాడు. "ఏం మాట్లాడుతున్నావ్? ఆటో ఎక్కి పో, పక్కనే" అన్నాడు. మా నాన్న నడవలేరు, ఇంత సామానుంది, ముందే చెప్పాను కదా అన్నాను. దానికి వాడన్న మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"నడవలేని ముసలాయన్ని తీసుకుని అండమాన్ ఎవడు రమ్మన్నాడు? ఇంట్లో కూర్చోబెట్టాల్సింది."

నాన్న నా పక్కనే సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నారు. విన్నారు. అమ్మ విన్నది. పిల్లలు విన్నారు.

నాన్న ఏమీ అనలేదు. మోకాలికి వేసుకున్న పట్టీని కాస్త సర్దుకుని, లేచి నిలబడి, ఒక బ్యాగు తనే ఎత్తుకోబోయారు. ముప్పై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. సముద్రం మధ్యలో దీవి ఎలా ఉంటుందో చూపిస్తానని నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. నాకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, చాలా వచ్చింది. అరిచాను. వాడూ అరిచాడు. కట్ చేశాడు. మళ్లీ చేశాను. ఇలా ఆరేడు నిమిషాలు పోయాయి.

ఆ ఆరేడు నిమిషాలే మమ్మల్ని ముంచాయి. వాడితో వాదించకుండా వెంటనే ఆటో ఎక్కి ఉంటే పడవ అందేది. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. మీకు ఇలా జరిగితే ఫోన్ పక్కన పెట్టి ముందు బండెక్కండి. తిట్టడానికి తర్వాత బోలెడు టైమ్ ఉంటుంది.

ఒక ఆటో ఆయన మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "తెలుగోళ్లా బాబూ? ఎక్కండి ఎక్కండి, మాటలు తర్వాత" అని ఇంకో ఆటోని కేకేసి పిలిచి, నాన్నని చెయ్యి పట్టుకుని తనే ఎక్కించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. దారిలో హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. హడ్డో గేటు దగ్గర దిగేసరికి 1:35. మూసేసి ఐదు నిమిషాలైంది.

బతిమాలాను. అమ్మ కూడా బతిమాలింది. గేటు దగ్గర అబ్బాయి విసుక్కోలేదు, "లిస్టు లోపలికి వెళ్లిపోయింది సార్, నా చేతిలో లేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. పడవ అక్కడే ఉంది. రెండు గంటలకి తాళ్లు విప్పి కదిలేదాకా అక్కడే నిలబడి చూశాం. మా అమ్మాయి "మన పడవేనా నాన్నా అది?" అని అడిగింది.

రాత్రి అన్నం తినేటప్పుడు నాన్న, "నా మూలంగానే ఆలస్యమైందిరా" అన్నారు. కాదు నాన్నా అన్నాను. నమ్మినట్టు లేదు. డబ్బు సంగతి సరే, ఈ మాటకి ఆ మనిషి నాకు బాకీ ఉన్నాడు.

డబ్బు లెక్క కూడా చెప్తాను. వ్యాన్ 3,600. పడవ టికెట్లు ఆరూ 9,900, టైమ్‌కి రానివాళ్లకి పైసా తిరిగి ఇవ్వరు. హావ్‌లాక్‌లో ఇవాళ్టి రెండు గదులు 7,800, అవీ పోయాయి. ఇక్కడ లాడ్జిలో రెండు గదులు 4,200. మొత్తం 25,500. రేపటి టికెట్లు మళ్లీ కొన్నాను, అది వేరు.

సాయంత్రం కనీసం తిరుగు ప్రయాణం డబ్బులైనా ఇవ్వమని మెసేజ్ పెట్టాను. "రెండు వైపులా ఒకటే బుకింగ్, సగం వెనక్కి ఉండదు" అన్నాడు. ఆ తర్వాత నిన్న రాత్రి పంపిన వాయిస్ మెసేజ్, "వ్యాన్ మీ ఫ్యామిలీకి మాత్రమే, హడ్డోలో దించుతాం" అన్నది, డిలీట్ చేసేశాడు. నేను చూస్తుండగానే చాట్‌లోంచి మాయమైంది. ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశాడు. పాత మెసేజ్‌లు కొన్ని ఉన్నాయి, డబ్బు పంపిన రసీదు ఉంది. వాటితో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇస్తున్నాను.

ఇంక చెప్పాల్సినవి నాలుగు ముక్కలు. అండమాన్‌లో వ్యాన్ గానీ కార్ గానీ మాట్లాడుకుంటే జెట్టీ పేరు రాతలో తీసుకోండి, హడ్డోనా ఫీనిక్స్ బేనా అని. మాటలో చెప్పింది చెల్లదు. పడవ టికెట్ ఫొటో డ్రైవర్‌కే పంపండి, ఏజెంటుకి కాదు. వాయిస్ మెసేజ్‌ల మీద ఆధారపడకండి, ఒప్పుకున్నదాన్ని టైప్ చేయించి అప్పటికప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి. పూర్తి డబ్బు ముందే కట్టొద్దు, దిగాక ఇస్తామనండి, దానికి ఒప్పుకోని మనిషి అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ బయట పావుగంటకి మించి ఎవరి కోసమూ చూడకండి. నిజానికి ఈ ఐదారు కిలోమీటర్లకి ముందే బుక్ చేసుకోవాల్సిన అవసరమే లేదు, అది ఇక్కడికొచ్చాకే నాకు అర్థమైంది. ఫ్లైట్‌కీ పడవకీ మధ్య మూడు గంటలున్నా మాకు సరిపోలేదు. పెద్దవాళ్లతో వస్తుంటే మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి పొద్దున పడవ పట్టుకోండి. చలికాలంలో ఇక్కడ ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, మధ్యాహ్నం పడవ పోతే ఆ రోజు పోయినట్టే.

రేపు పొద్దున పడవకి ఆ ఆటో ఆయనే వస్తానన్నాడు, ఐదింటికి. ఇవాళ రెండు ఆటోలకీ కలిపి రెండు వందలు ఇస్తే ఎక్కువైందని యాభై తిరిగి ఇచ్చాడు.

ఈ వారంలో ఎవరైనా అదే ఏజెంటుకి డబ్బు కట్టి ఉంటే, ఈ రాత్రే మెసేజ్ పెట్టి "హడ్డో" అన్న మాట రాతలో తెప్పించుకోండి. రాయకుండా ఫోన్ చేస్తానంటే ఎత్తకండి, ట్యాక్సీ చూసుకోండి. మీకు కూడా ఇలాగే చేసి ఉంటే రసీదులు నాకు పంపండి, ఫిర్యాదులో కలిపి పెడతాను.